మీ చర్మం, మా జవాబు: మన రంగుకి లేజర్ పడుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో చాలావరకు మొటిమల మచ్చల గురించే, అందులోనూ "నేను చామనఛాయ", "నేను కొంచెం నలుపు" అని మొదలుపెట్టినవే ఎక్కువ, అందుకని చుండ్రు, తామర, జుట్టు రాలడం అన్నీ వచ్చే నెలకి నెట్టేసి ఈసారి వీటికే జవాబులిస్తున్నా. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగితే ఒకరిదే వేశాం, మిగతావాళ్లు అలగొద్దు.

ప్రశ్న: మేడమ్, నాకు 25 ఏళ్లు, మాది తెనాలి, హైదరాబాద్‌లో జాబ్. ఇంటర్ నుంచి మొటిమలున్నాయి, ఇప్పుడు చాలా తగ్గాయి కానీ పీరియడ్స్ ముందు గడ్డం దగ్గర నాలుగైదు వస్తాయి. రెండు బుగ్గల మీద నల్ల మచ్చలు, మధ్య మధ్యలో గుంటలు. నా కలర్ చామనఛాయ కంటే ఇంకొంచెం ముదురు. మాఘమాసంలో పెళ్లి, మూడు నెలలే టైముంది. ఒక స్కిన్ క్లినిక్‌లో నాలుగు సిట్టింగ్స్ సీఓటూ లేజర్ చేస్తే ముఖం అద్దంలా అయిపోతుంది, ఈరోజే ప్యాకేజీ కడితే డిస్కౌంట్ అన్నారు. అమ్మ కట్టేద్దాం అంటోంది. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దమ్మా. లేజర్ చెడ్డదని కాదు, మూడు నెలల్లో పెళ్లి పెట్టుకుని, గడ్డం మీద ఇంకా మొటిమలు వస్తూ ఉండగా, మన రంగు మీద సీఓటూ లేజర్ మొదలుపెట్టడం మాత్రం చెడ్డ ఆలోచన. ఎందుకో చెప్తా.

రంగు తయారుచేసే కణాలు తెల్లవాళ్లకీ మనకీ లెక్కలో దాదాపు సమానమే, కాకపోతే మనవి ఎక్కువ రంగు తయారుచేస్తాయి, పైగా చిన్న గాయం తగిలినా, వేడి తగిలినా, గిల్లినా వెంటనే రెచ్చిపోయి ఇంకా రంగు పోస్తాయి. నీ బుగ్గల మీద నల్ల మచ్చలు అలా వచ్చినవే, మొటిమ వాపుకి చర్మం ఇచ్చిన జవాబు అది. ఇప్పుడు లేజర్ అంటే ఏంటి, లెక్క ప్రకారం కాల్చిన గాయమే కదా. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ చర్మంలో సన్న సన్న రంధ్రాలు కాలుస్తుంది, అవి మానేటప్పుడు కొత్త కొల్లాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా నిలబెట్టే పీచు, పుట్టి గుంట కొంత పూడుతుంది, అంతవరకు నిజమే. కానీ ఆ మానే టైములో మనలాంటి చర్మం చాలాసార్లు నల్లబడుతుంది, ఒక్కోసారి మెషిన్ హెడ్ పెట్టిన చోటల్లా చదరం చదరంగా, ఆ నలుపు పోవడానికి వారాలు కాదు నెలలు పడుతుంది. పెళ్లి ఫొటోల్లో అదే కనిపిస్తుంది. ప్యాకేజీ అమ్మే కౌన్సెలర్ ఈ ముక్క చెప్పదు, ఆ అమ్మాయికి టార్గెట్ ఉంటుంది పాపం.

ముందు నీ ముఖం మీద ఏది మచ్చ, ఏది గుంట చూసుకో. రాత్రి గదిలో లైట్ తీసేసి ఫోన్ టార్చ్ పక్క నుంచి, చెవి దగ్గర నుంచి బుగ్గ మీదకి వేసి అద్దంలో చూడు. నీడ పడిన చోటు గుంట. తర్వాత అదే టార్చ్ ఎదురుగా వేస్తే నీడలు మాయమవుతాయి, అప్పటికీ నల్లగా కనిపించేది రంగు మచ్చ. చాలామందికి ఇలా చూసుకున్నాక తెలుస్తుంది, వాళ్లు గుంటలనుకుని ఏడుస్తున్నదాంట్లో ఎక్కువ భాగం రంగేనని. ఇది మంచి కబురు, ఎందుకంటే రంగు తగ్గుతుంది, గుంట అంత తేలిగ్గా తగ్గదు.

రంగు మచ్చ గోధుమ రంగులో ఉంటే పై పొరలో ఉందని అర్థం, ఏ మందూ లేకపోయినా ఆరు నెలలు, ఏడాదిలో చాలావరకు పోతుంది, మందు వాడితే ఇంకాస్త ముందు. బూడిద రంగులో, నీలం ఛాయలో ఉంటే లోపలి పొరలోకి దిగిపోయినట్టు, దానికి ఓపిక పట్టాలి, ఏళ్లు కూడా పట్టొచ్చు. రెండింటికీ పనికొచ్చేవి ఇవి: రాత్రి పూట అడాపలీన్ 0.1 శాతం జెల్, బఠాణీ గింజంత ముఖం మొత్తానికి, మచ్చ మీద చుక్క పెట్టుకునేది కాదు. మొదట వారానికి మూడు రాత్రులు, చర్మం అలవాటు పడ్డాక రోజూ. పగలు అజెలాయిక్ యాసిడ్, 15 లేదా 20 శాతం, ఇది మొటిమకీ రంగుకీ రెండిటికీ పనిచేస్తుంది. అడాపలీన్ మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, మండుతుంది, మంట ఎక్కువైతే మానేసి మాయిశ్చరైజర్ రాసుకుంటూ మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టు, పట్టుదలకి పోతే ఆ మంటే కొత్త మచ్చలు పెడుతుంది. హైడ్రోక్వినోన్ డాక్టర్ రాసిస్తేనే, అదీ కొన్ని నెలలకి మించి కాదు, ఏళ్ల తరబడి రాసుకుంటే ముఖం నీలం నలుపుగా మారిపోయే జబ్బు ఒకటుంది, అది వచ్చాక పోగొట్టడం చాలా కష్టం.

సన్‌స్క్రీన్ సంగతి. "నల్లగా ఉన్నవాళ్లకి ఎందుకు మేడమ్" అని ఓపీలో రోజూ వింటాను. ఎండకి కమిలిపోకుండా మన రంగు కొంత కాపాడుతుంది గానీ మచ్చ ముదరకుండా కాపాడదు. ఇంకో విషయం, ముదురు రంగు చర్మాన్ని యూవీ కిరణాలే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా నల్లబరుస్తుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు, ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్నది, రెండు వేళ్ల పొడవునా పిండుకున్నంత ముఖానికీ మెడకీ రాయి, స్కూటీ మీద తిరిగే రోజు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయి.

ఇక గుంటలు. క్రీముతో గుంట పూడదు, ఎంత రేటు సీరమ్ అయినా. గుంటల్లో మూడు రకాలు: సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి ఐస్ పిక్, అంచులు నిటారుగా తవ్వినట్టుండేవి బాక్స్‌కార్, అలలు అలలుగా పల్లంగా ఉండి చర్మం లాగితే సర్దుకునేవి రోలింగ్. చాలామందికి మూడూ కలిసే ఉంటాయి, అందుకే ఒకే మెషిన్‌తో అన్నీ పోతాయి అన్నవాళ్లని నమ్మకు. రోలింగ్ గుంటని లోపలి నుంచి నారపోగులు కిందకి లాగి పట్టుకుని ఉంటాయి, సూది లోపలికి పోనిచ్చి వాటిని తెంపడాన్ని సబ్సిషన్ అంటారు, వారం పది రోజులు కమిలినట్టుంటుంది. ఐస్ పిక్‌కి టీసీఏ అనే గాఢమైన యాసిడ్‌ని సరిగ్గా ఆ గుంట అడుగున మాత్రమే చుక్క పెడతారు, క్రాస్ పద్ధతి అంటారు, చెయ్యి కొంచెం జారితే చుట్టూ నల్లటి వలయం వస్తుంది కాబట్టి మన చర్మం మీద చేసి చేసి అలవాటున్న చెయ్యి కావాలి. మొత్తానికి నేను ముదురు రంగువాళ్లకి మొదట చెప్పేది మైక్రోనీడ్లింగ్, సూదులు గుచ్చుతాయి గానీ పై పొరని కాల్చవు, రెండు మూడు రోజుల ఎరుపు, రంగు మారే భయం లేజర్ కంటే చాలా తక్కువ. నెలకొకటి చొప్పున నాలుగైదు సార్లు, ఆ తర్వాత కూడా కొల్లాజెన్ కొన్ని నెలలు పెరుగుతూనే ఉంటుంది. ఎంత చేసినా పూర్తిగా నున్నగా అవ్వదు, మెరుగవుతుంది, మేకప్ కింద కనపడనంత అయితే చాలా బాగా అయినట్టు లెక్క.

నీ మూడు నెలల్లో ఇలా చెయ్. ముందు గడ్డం మీద మొటిమలు ఆగాలి, అవి ఆగకుండా మచ్చలకి ట్రీట్‌మెంట్ చేయడం దండగ. పీరియడ్స్ తేడాగా వస్తున్నా, పైపెదవి మీద, గడ్డం కింద వెంట్రుకలు పెరుగుతున్నా పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా ఉందేమో చూపించుకో. డాక్టర్ ఒప్పుకుంటే సాలిసిలిక్ గానీ మాండెలిక్ గానీ యాసిడ్ రాసి పై పొట్టు మాత్రం ఊడేలా చేసే పీల్ రెండుసార్లు, మైక్రోనీడ్లింగ్ ఒకటో రెండో, ఏదైనా సరే చివరిది పెళ్లికి కనీసం నెల ముందే అయిపోవాలి. ఆఖరి నెలలో కొత్త ఫేషియల్, కొత్త బ్లీచ్, కొత్త క్రీమ్ ఏదీ ముట్టుకోకు. థ్రెడింగ్‌కి, వ్యాక్సింగ్‌కి వారం ముందు అడాపలీన్ ఆపు, లేకపోతే చర్మం ఊడొస్తుంది. నలుగు పెట్టేరోజు పెద్దవాళ్లు ప్రేమగా సున్నిపిండితో బరబరా రుద్దేస్తారు, ముఖానికి మాత్రం అద్ది కడిగేయమని ముందే చెప్పు. ఇంకొకటి, ఎవరైనా మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తే పెళ్లి సంగతి కచ్చితంగా చెప్పాలి. ఆ మాత్రలు వాడేటప్పుడు, ఆపిన నెల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకి అవకరాలు వస్తాయి. గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడు అడాపలీన్ జెల్ కూడా ఆపేయాలి, అజెలాయిక్ యాసిడ్ వాడుకోవచ్చు.

గుంటల అసలు పని పెళ్లయ్యాక తీరిగ్గా చేయించుకో, అవి ఎక్కడికీ పోవు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్న, కరీంనగర్. ముక్కు మీద, బుగ్గల మీద పోర్స్ పెద్దగ అయినయ్, నల్లగ చుక్కలు చుక్కలు కనబడ్తయ్. ఆవిరి పడ్తే ఓపెన్ అయితయ్, ఐస్ పెడ్తే క్లోజ్ అయితయ్ అంటరు, రోజు చేస్తున్న, చార్‌కోల్ మాస్క్ కూడ పెట్టిన, ఏం ఫరక్ లేదు. ఏం జేయాలె?

జవాబు: పోర్ అంటే తలుపు కాదు తమ్ముడూ తీసి వెయ్యడానికి. అది వెంట్రుక బయటికొచ్చే దారి, నూనె కూడా అందులోంచే వస్తుంది, తెరుచుకోవడానికి మూసుకోవడానికి దానికి కండరం లేదు. ఆవిరికి చర్మం కాస్త మెత్తబడుతుంది, ఐస్‌కి కాసేపు బిగుసుకుంటుంది, పావుగంటలో మళ్లీ మామూలే. పైగా రోజూ వేడి ఆవిరి పడితే మచ్చలున్న చర్మం ఇంకా నల్లబడొచ్చు, అది ఆపెయ్.

ముక్కు మీద ఆ చుక్కలు చాలావరకు బ్లాక్‌హెడ్స్ కూడా కాదు, ప్రతి మనిషికీ ఉండే నూనె పోగులు, స్ట్రిప్‌తో పీకితే ఆ పూట తృప్తిగా ఉంటుంది, నెలలోపు మళ్లీ నిండుతాయి. చార్‌కోల్ మాస్క్ పీకేటప్పుడు పై చర్మం కూడా లేచి, మన రంగుకి అక్కడ మచ్చ పడుతుంది. పోర్ సైజు చాలావరకు పుట్టుకతో వచ్చింది, నూనె ఎక్కువుంటే, వయసుతో ఎండతో చర్మం సడలితే ఇంకా పెద్దగా కనపడుతుంది. పూర్తిగా మూయడం ఎవరివల్లా కాదు, చిన్నగా కనపడేలా చేయొచ్చు: 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ వారానికి రెండు మూడుసార్లు, అది నూనెలో కరుగుతుంది కాబట్టి లోపలికి వెళ్లి శుభ్రం చేస్తుంది, మిగతా రాత్రులు అడాపలీన్, పొద్దున నియాసినమైడ్ 4, 5 శాతం. పది శాతం ఇరవై శాతం అని పోటీపడి అమ్ముతున్నారు, అంతవసరం లేదు, మంట తప్ప. మూడు నెలలు చూడు. తలకి కొబ్బరినూనె పెట్టి పడుకునే అలవాటుంటే నుదుటి మీద మొటిమలు అందుకే రావచ్చు, అది కూడా చూసుకో. బుగ్గల మీదవి మాత్రం ఒకసారి టార్చ్ వేసి చూడు, పోర్స్ అనుకునేవి కొన్నిసార్లు ఐస్ పిక్ గుంటలై ఉంటాయి, అప్పుడు దారి వేరు, పై జవాబు చదువు.

ప్రశ్న: అమ్మా, మాది అనకాపల్లి. మా పాప పదో తరగతి. మొటిమల మచ్చలకని మెడికల్ షాపతను ఒక ట్యూబ్ ఇచ్చాడు. పది రోజుల్లో ముఖం తెల్లగా మెరిసిపోయింది, అందరూ అడిగారు కూడా. ఆరు నెలలు రాసింది. ఇప్పుడు మానేస్తే ఎర్రగా మండుతోంది, ముఖమంతా చిన్న చిన్న మొటిమలు, బుగ్గల మీద సన్న వెంట్రుకలు. మళ్లీ రాస్తే తగ్గుతోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ ట్యూబ్ వెనక్కి తిప్పి చదవండమ్మా. మొమెటాజోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, ఈ పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడ్. కొన్నిట్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి, ఒక రకం మంగుకి డాక్టర్లు కొద్ది వారాలు రాసే మందు అది, దాన్ని ఫెయిర్‌నెస్ క్రీములా చేతిలో పెట్టేస్తున్నారు. మొదట్లో వాపు తగ్గి, రక్తనాళాలు ముడుచుకుని ముఖం తెల్లగా కనపడుతుంది, అందరూ అడుగుతారు, అక్కడే మోసపోతాం. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, మానేస్తే ఎదురు తిరుగుతుంది. మీ పాపకి ఇప్పుడు జరుగుతున్నది ఇదే.

మనదేశంలో 2018లోనే ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారు, అది వేరే సంగతి, నాకు ఒళ్లు మండే సంగతి.

పాపని వెంటనే చర్మ డాక్టర్‌కి చూపించండి, మీరు వాడిన ట్యూబ్ కూడా తీసుకెళ్లండి, దాచొద్దు. ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించి ఆపాలా అనేది చూసి చెప్తారు, మధ్యలో మంట తగ్గడానికి స్టెరాయిడ్ కాని మందులిస్తారు. కొన్ని వారాల నుంచి నెలల వరకూ ముఖం ఇంతకుముందు కంటే అధ్వాన్నంగా ఉంటుంది, అప్పుడు భయపడి మళ్లీ ఆ ట్యూబ్ పట్టుకుంటారు చాలామంది, పట్టుకోవద్దు. ఈ టైములో మంచినీళ్లతో కడగడం, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. పాపని స్కూల్లో ఎవరైనా ఏమన్నా అంటే మీరు వెనక నిలబడండి, ఈ వయసులో మందుకన్నా అదే ఎక్కువ కావాలి.

లేబుల్ సరిగా లేని, ఎక్కడ తయారైందో తెలియని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉన్న కేసులు కూడా ఉన్నాయి, కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు రాసుకున్నవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. ముఖానికి రాసింది ముఖం దగ్గరే ఆగదు.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడి డెర్మటాలజిస్ట్ గుంటలకి ఫ్రాక్షనల్ లేజర్ చేస్తానంటున్నారు. ఆయన పేషెంట్లంతా తెల్లవాళ్లే. మా చర్మానికి సెట్ అవుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అడగండి, మొహమాటపడకండి. చర్మం రంగుని ఒకటి నుంచి ఆరు వరకు టైపులుగా చెప్పే ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ ఉంది, 1975లో తెల్ల చర్మం ఎండకి ఎలా కమిలిపోతుందో చూసి నాలుగు టైపులతో మొదలైంది, గోధుమ, నలుపు చర్మాలని ఐదు, ఆరుగా తర్వాత చేర్చారు, మన సంగతి అక్కడ కూడా తర్వాతే గుర్తొచ్చిందన్నమాట. తెలుగువాళ్లం ఎక్కువగా నాలుగు, ఐదులో వస్తాం. "టైప్ ఐదు వాళ్లకి ఎంతమందికి చేశారు, వాళ్ల ముందు తర్వాత ఫొటోలు చూపిస్తారా, చెవి ముందు చిన్న చోట టెస్ట్ స్పాట్ చేసి నాలుగు వారాలు చూద్దామా" అని అడగండి, చిరాకు పడితే ఇంకొకర్ని చూసుకోండి. చేసేట్టయితే పై పొరని కాల్చకుండా లోపలికి వేడి ఇచ్చే రకం లేజర్, తక్కువ డెన్సిటీ అంటే చుక్కలు దూరం దూరంగా, సిట్టింగ్స్ మధ్య ఎక్కువ గ్యాప్. నీడిల్స్‌తో రేడియో ఫ్రీక్వెన్సీ ఇచ్చే మెషిన్ కూడా ఉంది, అది వేడిని రంగుండే పై పొర దాటించి లోపలికి ఇస్తుంది కాబట్టి మనకి కొంచెం నయం. ఐపీఎల్, అంటే లేజర్ కాకుండా గట్టి వెలుతురు మెరుపులు కొట్టే మెషిన్, మాత్రం మన రంగుకి వద్దు, కాలుతుంది. ఇండియాకి సెలవులకి వచ్చే ముందు వారం చేయించుకోకండి, ఇక్కడి మే నెల ఎండలో తిరిగితే చేసిందంతా నల్లబడుతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సూదులున్న డెర్మా రోలర్ దొరుకుతోంది కదా, క్లినిక్‌లో చేసే మైక్రోనీడ్లింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చా? – అనంతపురం

జవాబు: వద్దు. గుంటలకి క్లినిక్‌లో ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల సూదులు వాడతారు, మత్తు క్రీమ్ రాసి, స్టెరైల్‌గా. ఇంట్లో పావు, అర మిల్లీమీటర్ రోలర్ గుంట అడుగుదాకా పోదు, పొడుగు సూదులది కొంటే బాత్రూంలో నిలబడి ముఖం చీల్చుకోవడమే. చీము మొటిమ మీద తిప్పితే ఇన్ఫెక్షన్ బుగ్గంతా పాకుతుంది, అక్కాచెల్లెళ్లు ఒకటే రోలర్ వాడారంటే ఇంకా చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నాకు 30, నెల్లూరు. దవడ కింద, ఛాతీ మీద మొటిమలు మానిన చోట గట్టిగా ఉబ్బిన మచ్చలు, దురద. కోసి తీసేయించుకోవచ్చా?

జవాబు: కోయించొద్దు. ఇవి కీలాయిడ్లు అయ్యుంటాయి, ముదురు రంగు చర్మానికి ఇవి ఎక్కువ వస్తాయి, ఒట్టిగా కోస్తే చాలాసార్లు అంతకంటే పెద్దగా తిరిగొస్తాయి. మూడు నాలుగు వారాలకోసారి మచ్చలోకే ట్రయామ్సినోలోన్ ఇంజెక్షన్ ఇస్తే మెత్తబడి, చదునవుతాయి, దురద ముందు తగ్గుతుంది. మీరు గుంటలకి పీల్, లేజర్, ఏది చేయించుకోబోయినా ముందు ఇవి ఉన్నాయని చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

ప్రశ్న: ప్రైవేట్‌లో అంత పెట్టుకోలేం మేడమ్. మాలాంటోళ్ల సంగతేంటి? – నల్గొండ

జవాబు: పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, ఇలా మెడికల్ కాలేజీ ఉన్న చోట డీవీఎల్ ఓపీ అని బోర్డు ఉంటుంది, చర్మానిది అదే. పొద్దున్నే వెళ్లి చీటీ తీయించుకోండి, లైను ఉంటుంది. కానీ అక్కడ రోజూ చూసేది మన రంగు చర్మాలనే, ఆ అనుభవం ఎంత డబ్బు పెట్టినా అన్ని క్లినిక్‌లలో దొరకదు. మొటిమల మందులకి అక్కడే మొదలుపెట్టండి, సబ్సిషన్, మైక్రోనీడ్లింగ్ అక్కడ చేస్తారా అని అడగండి. ప్రైవేట్‌కి వెళ్లినా బోర్డు మీద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ ఇలాంటి చర్మ వైద్యం డిగ్రీ ఉందో లేదో చూడండి, కాస్మెటాలజీ సర్టిఫికెట్ దానికి సమానం కాదు.

ప్రశ్న: నిమ్మకాయ, పసుపు కలిపి రాస్తే మచ్చలు పోతాయంటారు. నిజమేనా? – ఏలూరు

జవాబు: పసుపుతో పెద్ద ప్రమాదం లేదు, ముఖం పచ్చగా కనపడటం మీకిష్టమైతే రాసుకోండి, మచ్చ పోతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. నిమ్మరసం వద్దు, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి బొబ్బలెక్కి, తర్వాత చారలు చారలుగా నల్లబడుతుంది, ఆ చారలు పట్టుకుని మళ్లీ నా దగ్గరికే రావాలి. టూత్‌పేస్ట్, వంటసోడా కూడా వద్దు. నిమ్మకాయ మజ్జిగలో పిండుకుని తాగండి.